వెలుగును బట్టి కులగోత్రాలు: కార చేపల కుటుంబంపై ఒక సమీక్ష

తెలుగు తీరంలో కారలు అని పిలిచే చిన్న వెండిరంగు చేపలన్నీ లియోగ్నాథిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి. ఎర్రసముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం మొదలుకొని జపాన్, ఆస్ట్రేలియాల వరకు ఇండో-పసిఫిక్ ప్రాంతపు లోతు తక్కువ జలాల్లోను, ఏటి మొగల్లోను ఇవి గుంపులు గుంపులుగా తిరుగుతాయి. శాస్త్రజ్ఞులు ఇప్పటికి గుర్తించిన జాతులు సుమారు 50. వీటిలో చాలావరకు అరచేతిలో ఇమిడేవే కాగా, అన్నిటిలోకీ పెద్దదైన లియోగ్నాథస్ ఈక్యులా మాత్రం 25 సెంటీమీటర్లు దాటుతుంది. ధర తక్కువ పలికే ఈ చేపల వర్గీకరణ మీద రెండు శతాబ్దాలుగా వాదోపవాదాలు సాగుతున్నాయి. గడచిన ఇరవై ఏళ్లలో ప్రజాతుల సంఖ్య మూడు నుంచి పదికి పెరిగింది. పేర్లు ఇంత వేగంగా మారడానికి కారణం ఈ చేపల గొంతు చుట్టూ ఉండే ఒక వెలిగే అవయవం. దానిని వర్గీకరణకు ఆధారంగా తీసుకోవడంలో శాస్త్రజ్ఞులు ఎంతో ముందుకు వెళ్లారు గాని, బతికున్న చేప దానిని దేనికి వాడుకుంటోందో తెలుసుకోవడంలో ఇంకా తొలి అడుగుల్లోనే ఉన్నారు. ఈ సమీక్షలో తరచు ఎదురయ్యే చిక్కులకు మూలం ఈ ఎగుడుదిగుడే.

కుటుంబ లక్షణాలు

కార చేప శరీరం రెండు పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, ఎత్తుగా ఉంటుంది. పొలుసులు చాలా చిన్నవి, తల మీద సాధారణంగా ఉండవు. చర్మం నుంచి ధారాళంగా ఊరే జిగురు వల్ల వలలోంచి తీసిన గుంపంతా ఒకదానికొకటి అంటుకుపోతుంది. వీపు మీద ఉన్న పృష్ఠవాజానికీ, పొట్ట వెనుక ఉన్న పాయువాజానికీ ముందు భాగంలో ముళ్లుంటాయి. వాటిని నిక్కబొడుచుకున్నప్పుడు కదలకుండా బిగించి ఉంచే ఏర్పాటు కూడా ఈ చేపకు ఉంది. పట్టుకునేవారి చేతిలోనైనా, మింగబోయే పెద్ద చేప నోటిలోనైనా గుచ్చుకునేది ఈ ముళ్లే.

నోటి నిర్మాణం ఇంకా విశేషమైనది. మూసి ఉన్నప్పుడు చిన్న చీలికలా కనిపించే నోటిని మెల్లగా లాగితే దవడలు గొట్టంలా బయటికి సాగుతాయి. ఆ గొట్టం ఎటు తిరుగుతుందో చూస్తే చేప ఏ గుంపుకు చెందిందో చాలావరకు చెప్పవచ్చు. కొన్నింటిలో అది పైకి తిరుగుతుంది. ఇవి నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను, ముఖ్యంగా కోపిపోడ్‌లనే అతి చిన్న క్రస్టేషియన్లను తింటాయి. కొన్నింటిలో అది కిందికి వంగుతుంది. అడుగున ఉండే పురుగులు, చిన్న జీవులు వీటి ఆహారం. మరికొన్నింటిలో అది నేరుగా ముందుకు సాగుతుంది. ఈ చివరి గుంపులోని గజ్జా ప్రజాతికి దవడల్లో కోరపళ్లు కూడా ఉంటాయి. అది చిన్న చేపలనూ రొయ్యలనూ వేటాడుతుంది.

మూడు ప్రజాతుల కాలం

శాస్త్రసాహిత్యంలోకి ఈ చేపలు 1775లో ప్రవేశించాయి. ఎర్రసముద్రంలో దొరికిన చేపను ఫోర్‌స్కాల్ స్కాంబర్ ఈక్యులా పేరుతో కానాగంతల సరసన చేర్చారు. బ్లాక్ కూడా భారత తీరం నుంచి అందిన నమూనాల్లో కొన్నింటిని అలాగే స్కాంబర్‌లోను, మరికొన్నింటిని జ్యూస్ అనే వేరే ప్రజాతిలోను పెట్టారు. ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఉండి అక్కడి చేపలను గీయించి వర్ణించిన పాట్రిక్ రస్సెల్ లాటిన్ పేర్ల జోలికి పోకుండా, జాలరులు చెప్పిన పేర్లనే శీర్షికలుగా పెట్టుకున్నారు. 1803లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథంలోని కొన్ని చేపల పేర్లు కారా అనే మాటతో ముగుస్తాయి. తర్వాత ఫ్రాన్సులో కువియర్, వలెన్సియెన్ ఈ కుటుంబపు జాతులకు పేర్లు పెట్టేటప్పుడు ఆ బొమ్మలను కూడా ముందు పెట్టుకున్నారు. కనుక ఈ కుటుంబపు వర్గీకరణ చరిత్రలో తెలుగు తీరం మొదటి నుంచీ ఉంది.

ప్రజాతుల పేర్ల విషయంలో చిక్కు తొందరగానే మొదలైంది. లాసిపేడ్ 1802లో లియోగ్నాథస్ అని పెట్టగా, కువియర్ 1815లో ఈక్యులా అన్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో వాడుకలో నిలిచింది రెండోదే. భారతీయ చేపల మీద ఫ్రాన్సిస్ డే రాసిన గ్రంథంలోనూ అదే కనిపిస్తుంది. అయితే ముందు పెట్టిన పేరుదే పైచేయి అన్న నియమం ప్రకారం చివరికి లియోగ్నాథస్ నిలిచింది, కుటుంబానికి కూడా ఆ పేరే స్థిరపడింది. ఇరవయ్యో శతాబ్దం చివరి వరకు చెల్లుబాటైన పద్ధతి చాలా సులువైనది. నోరు పైకి తిరిగేవి సెక్యుటర్, కోరపళ్లున్నవి గజ్జా, మిగిలినవన్నీ లియోగ్నాథస్. భారత తీరంలోని జాతులను క్షుణ్ణంగా పరిశీలించిన పి.ఎస్.బి.ఆర్. జేమ్స్ 1975లో ప్రచురించిన సమీక్షలోను, ఆస్ట్రేలియా జాతులపై 1985లో జోన్స్ చేసిన సవరణలోను ఈ మూడు ప్రజాతుల చట్రమే ఉంది.

ఈ పద్ధతి బలం రేవులో కనిపిస్తుంది. చేపను కోయకుండా, సూక్ష్మదర్శిని అవసరం లేకుండా, నోరు సాగదీసి చూసి తేల్చవచ్చు. బలహీనత కూడా అక్కడే ఉంది. కోరపళ్లు లేకపోవడం, నోరు పైకి తిరగకపోవడం అనే లేమిని బట్టి మిగిలిన జాతులన్నింటినీ ఒక్క లియోగ్నాథస్‌లో కుక్కడం వల్ల ఆ ప్రజాతి ఒక వంశంగా కాక, ఇతరత్రా చోటు దొరకని జాతుల ఖాతాగా మిగిలిపోయింది.

గొంతు చుట్టూ దీపం

ఈ కుటుంబంలోని జాతులకు ఆహారవాహిక చుట్టూ ఉంగరంలా ఒక అవయవం ఉంటుంది. దానిలోని సన్నని నాళికల్లో ఫోటోబాక్టీరియం ప్రజాతికి చెందిన వెలిగే బాక్టీరియా కోట్లాదిగా నివసిస్తాయి. జీవి తన శరీరంలో రసాయన చర్య ద్వారా వెలుగు పుట్టించడాన్ని జీవసందీప్తి అంటారు. కార చేప విషయంలో ఆ చర్య చేసేది బాక్టీరియా, దానికి ఆశ్రయమూ ఆహారమూ ఇచ్చేది చేప. పసిఫిక్ ద్వీపాల్లో ఈ చేపలను పరిశీలించిన జపాన్ శాస్త్రజ్ఞుడు హనేడా 1940లో ఈ వెలుగును వివరంగా వర్ణించారు. 1967లో బాక్టీరియాకు ఫోటోబాక్టీరియం లియోగ్నాథి అని పేరు పెట్టారు. దీనికి దగ్గరి బంధువైన మరో రకానికి తమిళనాడులోని మండపం ఊరి మీదుగా మండపమెన్సిస్ అనే పేరు వచ్చింది. అది వేరే జాతా, లేక లియోగ్నాథిలోనే ఒక ఉపజాతా అన్నది నేటికీ రెండు విధాలుగా రాస్తున్నారు.

వెలుగు బయటికి వచ్చే దారి గమనించదగ్గది. ఉంగరం వెనుకనే చేపను నీటిలో తేల్చి ఉంచే గాలితిత్తి ఉంటుంది. దాని లోపలి గోడకు గ్వానిన్ స్ఫటికాల పూత ఉండటంతో అది అద్దంలా పనిచేసి వెలుగును కిందికి మళ్లిస్తుంది. పొట్ట భాగపు కండరాలు పాక్షికంగా పారదర్శకం కావడం వల్ల ఆ వెలుగు వాటిగుండా వెళ్తూ చెదిరి, పొట్టంతా మసకగా వెలిగినట్టు కనిపిస్తుంది. బాక్టీరియా నిరంతరం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, దానిని ఆర్పడానికి బదులు కప్పడానికి వీలుగా అవయవం మీద కండరాలతో కదిలే తెరలు ఉంటాయి. తెర తీస్తే వెలుగు, మూస్తే చీకటి.

వర్గీకరణను తలకిందులు చేసిన విషయం ఏమిటంటే, చాలా జాతుల్లో ఈ అవయవం మగచేపకు ఆడచేప కంటే పెద్దది, ఆకారంలోనూ వేరు. ఆ మగచేపల చర్మంలో కొన్ని చోట్ల వెండిపూత లేక, కిటికీల్లాంటి పారదర్శకమైన మచ్చలు ఉంటాయి. ఈ లైంగిక ద్విరూపకత, అంటే ఆడ మగల మధ్య రూపభేదం, ఒక్కో గుంపులో ఒక్కో తీరుగా ఉంటుంది. కొన్నింటిలో మచ్చ పక్కభాగమంతా పరచుకుంటుంది. కొన్నింటిలో మొప్పల వెనుక ఉండే ఉరోవాజపు మొదట్లో ఉంటుంది. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నిలవ ఉన్న నమూనాల్లో ఈ మచ్చలు చెరిగిపోవడం వల్ల, మ్యూజియం జాడీల మీద ఆధారపడిన పాత పండితులకు ఇవి కనపడకపోవడం సహజమే.

2005 తర్వాత

అమెరికాలో స్పార్క్స్, డన్‌లాప్, స్మిత్ 2005లో ప్రచురించిన పరిశోధన ఈ కుటుంబానికి మలుపు. జన్యుక్రమాలనూ వెలుగు అవయవపు నిర్మాణాన్నీ కలిపి చూసిన ఆ పరిశోధకులు లియోగ్నాథస్ ఏకవంశం కాదని, అంటే ఒకే పూర్వీకుని సంతతి అంతా అందులో లేదని నిరూపించి, మగచేపల మచ్చల ఆధారంగా ఫోటోపెక్టొరాలిస్, ఫోటోప్లేజియోస్ అనే రెండు కొత్త ప్రజాతులను ప్రతిపాదించారు. ఆ తర్వాత పేర్ల ప్రవాహం మొదలైంది. 2007లో చక్రవర్తి, స్పార్క్స్ కలిసి విట్లీ 1932లో పెట్టిన న్యూకిక్యులాను మళ్లీ నిలబెట్టారు. 2008లో వారే ఫౌలర్ 1904లో ఇచ్చిన ఈక్యులైటిస్, యూబ్లీకేరియా పేర్లను వెలికితీశారు. దానితో ఫోటోప్లేజియోస్ అనవసరమని తేలి, మూడేళ్లకే అటకెక్కింది. అదే వ్యాసంలో ప్రకటించిన కొత్త ప్రజాతి కారల్లా. సింహళంలో ఈ చేపలను పిలిచే పేరూ అదే. 2015లో వచ్చిన సమీక్ష ఫోటోలేటరాలిస్‌ను కొత్తగా చేర్చింది. చారలున్న ఫాసియాటా వంటి జాతులకు ఆరిజిక్యులా అనే పాత పేరు తిరిగి దక్కింది. సెక్యుటర్ అనే చిరపరిచితమైన పేరు నామకరణ నియమాల ముందు నిలవకపోవడంతో, నోరు పైకి తిరిగే చేపలు నేడు డెవెక్సిమెంటమ్ అయ్యాయి.

ఇదే కాలంలో జపాన్‌లో కిమురా, ఆయన సహచరులు మరో దారిలో నడిచారు. దవడల కింద, రొమ్ము మీద పొలుసులున్నాయా లేదా, మొదటి ముల్లు ఎంత పొడవు, వీపు మీది గీతలు ఎలా ఉన్నాయి, పక్కరేఖ మీద పొలుసులెన్ని అనే బాహ్య లక్షణాలను వందలాది నమూనాల మీద ఓపికగా కొలిచి, ఒకే పేరు కింద నలిగిన జాతులను వారు విడదీశారు. ఆరియస్ గుంపు, స్ప్లెండెన్స్ గుంపు, ఎలాంగేటస్ గుంపు ఇలా తేటపడినవే.

రెండు మార్గాలను పోల్చి చూస్తే వాటి మధ్య వైరం పైకి కనిపించేంత పెద్దది కాదు. అమెరికా బృందం ప్రధానంగా ప్రజాతులను, అంటే వంశశాఖలను తేల్చింది. జపాన్ బృందం ప్రధానంగా జాతులను, అంటే కొమ్మల చివర ఆకులను లెక్కపెట్టింది. మొదటిదానికి తాజా మగచేప కావాలి, లేదా జన్యుపరీక్ష కావాలి. రెండోదానికి భూతద్దం, సహనం చాలు. తగవు వచ్చేది సరిహద్దుల దగ్గర మాత్రమే. 2010లో ఈక్యులైటిస్ అబ్స్‌కాండిటస్ అనే తైవాన్ జాతిని శరీరాకృతి కొలతల గణితం ద్వారా వేరుచేసినట్టు, కంటికి దాదాపు ఒకేలా కనిపించే జనాభాలను జాతులుగా ప్రకటించినప్పుడు వాటిని ఏ గుర్తుతో పట్టుకోవాలన్న ప్రశ్న మిగులుతుంది. పది ప్రజాతుల విభజన వంశపరంగా సరైనదేనని ఇప్పుడు స్థూలంగా అంగీకారం ఉంది. దానిని వాడుకోదగ్గ గుర్తింపు పట్టికగా మార్చే పని మాత్రం వెనకబడే ఉందని చెప్పక తప్పదు.

వెలుగు దేనికి

మొదటి వాదం ప్రకారం వెలుగు దాగుకోవడానికి. పగటి పూట కింది నుంచి చూసే వేటచేపకు పైన ఉన్న చేప ఆకాశపు వెలుతురుకు అడ్డుగా నల్లని నీడలా కనిపిస్తుంది. పొట్ట కూడా అదే మోతాదులో వెలిగితే ఆ నీడ మాయమవుతుంది. దీన్ని ప్రతిప్రకాశనం అనవచ్చు. హేస్టింగ్స్ 1971లో కార చేపను ఉదాహరణగా తీసుకొని ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టారు. గాలితిత్తి అద్దం, చెదరగొట్టే కండరాలు, వెలుగు మోతాదును నియంత్రించే తెరలు, ఇవన్నీ దీనికి సాక్ష్యం. ఆడ మగ తేడా లేని జాతులకూ ఈ ఏర్పాటు ఉండటం వల్ల ఇదే మూల ప్రయోజనమై ఉండాలన్న అభిప్రాయం బలంగా ఉంది.

కాని దాగుకోవడానికే అయితే మగచేపకు కిటికీలెందుకు? మక్‌ఫాల్-న్గై, డన్‌లాప్ 1983లో గజ్జా మైన్యూటాను అక్వేరియంలో గమనించి పొట్ట మెరుపు, నోటిలోంచి వచ్చే వెలుగు, ఒక దిక్కుకు సూటిగా పడే వెలుగు అనే మూడు కొత్త తీరులను నమోదు చేశారు. మరుసటి ఏడాది లైంగిక భేదాలను వర్ణించారు. అప్పటి నుంచి సంకేత వాదం, అంటే మగచేపలు ఆడచేపలకో తోటి మగచేపలకో వెలుగుతో సైగ చేస్తాయన్న వాదం బలపడింది. 2002లో వుడ్‌లాండ్ బృందం స్ప్లెండెన్స్‌గా గుర్తించిన చేపల గుంపు ఒకేసారి లయబద్ధంగా మెరవడాన్ని నమోదు చేసింది. 2003లో సాసాకీ బృందం ఎలాంగేటస్‌లో సముద్రంలోనే సంకేతాల ఆధారాలు చూపింది.

ఈ రెండు వాదాలనూ ప్రత్యర్థులుగా నిలబెట్టడం సరికాదు. ఒకే దీపం పొట్ట వైపు తెర తీస్తే మరుగు, పక్క కిటికీ వైపు తీస్తే పిలుపు కాగలదు. అసలు కొరత సాక్ష్యం స్వభావంలో ఉంది. పది ప్రజాతుల్లో సముద్రంలో రాత్రిపూట ప్రవర్తన చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. ఆడచేప ఆ మెరుపును చూసి జతను ఎంచుకుంటుందని నేరుగా చూపే ప్రయోగం ఇంకా కావాలి. అవయవపు ఆకారం చూసి పని ఊహించడమే ఇంతవరకు ఎక్కువగా జరిగింది.

లైంగిక ఎంపిక జాతులను పెంచిందా

ఆడచేపల ఇష్టాయిష్టాలను బట్టి మగచేపల వెలుగు తీరులు వేరుపడి, దానితో జాతులు విడిపోయి ఉంటాయన్న ఊహ చాలా కాలం దాదాపు ఒప్పుకున్న సత్యంలా చెలామణి అయింది. 2011లో చక్రవర్తి బృందం దానిని మొదటిసారి గణాంకపరంగా పరీక్షించింది. ఆడ మగ తేడా ఉన్న శాఖల్లో జాతులు ఎక్కువగా పుట్టాయనడానికి నిర్ణయాత్మకమైన ఆధారం లేదని, ముఖ్య శాఖలన్నీ పేలియోజీన్ యుగంలోనే, అంటే సుమారు 6.6 కోట్ల నుంచి 2.3 కోట్ల సంవత్సరాల క్రితం మధ్య కాలంలోనే ఏర్పడ్డాయని, ఆ తర్వాత జాతుల పెరుగుదల నిదానంగా, నిరంతరంగా సాగిందని తేలింది. కిటికీల ఆధారంగా ప్రజాతులను విడదీసిన పరిశోధకులే ఆ కిటికీలు జాతుల వరదకు కారణం కాదని రాయడం ఈ చర్చలో నిజాయితీ ఉన్న ఘట్టం. లైంగిక ఎంపిక ఒక జాతిని పక్క జాతితో కలవకుండా వేరుగా ఉంచే గోడలా పనిచేసి ఉండవచ్చని మాత్రం వారు అన్నారు. అయితే 50 జాతుల చిన్న కుటుంబంలో ఇలాంటి పరీక్షకు ఉండే శక్తి పరిమితమన్నది మరచిపోకూడదు. ఆధారం దొరకకపోవడమూ, ఊహ తప్పని తేలడమూ ఒకటి కావు.

బాక్టీరియాతో పొత్తు

చేపా బాక్టీరియా ఇంత గాఢంగా ముడిపడి ఉన్నప్పుడు, చేప వంశం చీలినప్పుడల్లా బాక్టీరియా వంశం కూడా చీలి ఉండాలని అనిపించడం సహజం. డన్‌లాప్ బృందం 2007లో రెండు వంశవృక్షాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అవి కలవలేదు. దీనికి కారణం పిల్లచేపల్లో ఉంది. తల్లిదండ్రుల నుంచి బాక్టీరియా పుట్టుకతో రాదు. వాడా బృందం 1999లో నుకాలిస్ జాతి మీద చేసిన పరిశీలనలో బాక్టీరియా లేకుండా పెరిగిన పిల్లలు పెద్దచేపల సాంగత్యంలో దానిని సంపాదించుకున్నాయి. ప్రతి తరమూ నీటిలోంచి కొత్తగా బాక్టీరియాను తెచ్చుకుంటుంది కాబట్టి వంశపారంపర్యపు జత స్థిరపడలేదు. పెద్దచేపల అవయవంలో మిగులు బాక్టీరియా పేగులోకి, అక్కడి నుంచి నీటిలోకి చేరుతుంది కనుక రేవు దగ్గరి నీరు ఆ నారుకు మడి లాంటిది. ఈ కుటుంబ చర్చల్లో స్పష్టంగా ఒక కొలిక్కి వచ్చినది ఇదొక్కటే అనవచ్చు.

చుట్టాలెవరు

సాగే నోరు చూసి ఈ చేపలను గెర్రిడే కుటుంబం పక్కన, పలచటి ఒళ్లు చూసి పారల కుటుంబమైన కెరాంజిడే పక్కన పెట్టడం పాత పద్ధతి. జన్యు పరిశోధనలు రెండింటినీ పక్కన పెట్టి, పగడపు దిబ్బల్లో రంగురంగులుగా తిరిగే సీతాకోక చేపల కుటుంబమైన కీటోడాంటిడేను దగ్గరి చుట్టంగా చూపాయి. 2017 నాటి విస్తృత వర్గీకరణలో ఈ రెండు కుటుంబాలకే ప్రత్యేక క్రమం కల్పించారు. 2024లో నియర్, థాకర్ ప్రకటించిన వర్గీకరణ వాటిని అకాంథురిఫార్మెస్ అనే పెద్ద క్రమంలో కలిపేసింది. పెద్ద క్రమమా చిన్న క్రమమా అన్నది సర్దుబాటు వ్యవహారమే గాని, ఈ రెండు కుటుంబాలను కలిపి చూపే శరీర లక్షణాలు ఏమిటన్నది మాత్రం అసలైన ప్రశ్న.

రేవులో పేర్లు

భారత తీరంలో కారలు ట్రాల్ వలల్లో విస్తారంగా పడతాయి. కొంత పచ్చిగా, ఎక్కువ భాగం ఎండబెట్టి అమ్ముడవుతాయి. మిగిలినది చేపపిండికి పోతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ దిగుబడి లెక్కల్లో ఇవన్నీ సిల్వర్‌బెల్లీస్ అనే ఒకే పద్దు కింద చేరతాయి. కాకినాడ దగ్గర బిందస్ జాతి మీద వి. శ్రీరామచంద్రమూర్తి 1983లో ప్రచురించిన జీవశాస్త్ర అధ్యయనం వంటివి ఆ పద్దును విడగొట్టి చూసిన అరుదైన ప్రయత్నాలు. ఆ జాతి నాటి లియోగ్నాథస్ నుంచి నేటి ఫోటోపెక్టొరాలిస్‌కు మారినా, పేరులో మారింది ప్రజాతి భాగమే కనుక ఆ అధ్యయనాన్ని నేటి పట్టికకు తేలిగ్గా ముడిపెట్టవచ్చు.

స్ప్లెండెన్స్ సంగతి అలా కాదు. రామేశ్వరం, మండపం పరిసరాల్లో ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో ఆ పేరుతో పెరుగుదల, గుడ్లు పెట్టే కాలం వంటి వివరాలు సేకరించిన తర్వాత, 1971లో జేమ్స్ అదే ప్రాంతం నుంచి దానిని పోలిన జోన్సీ అనే జాతిని వేరుచేశారు. 2005లో కిమురా బృందం ఆ గుంపును తిరిగి పరిశీలించి కుపానెన్సిస్ అనే మరో జాతిని చేర్చింది. అందువల్ల 1971కి ముందటి అంకెల్లో రెండు జాతులు కలిసిపోయి ఉండే అవకాశం ఉంది. నాటి నమూనాలు జాడీల్లో భద్రంగా ఉన్న చోట రొమ్ము పొలుసులు, వీపు గీతలు చూసి వాటిని ఇప్పటికైనా విడదీయవచ్చు. కొలతలు రాసుకుని చేపలను పారేసిన చోట ఆ అంకెలు ఏ జాతివో ఏ వర్గీకరణా చెప్పలేదు.